మీ ప్రశ్న – మా జవాబు: బొమ్మకు నడక నేర్పే కొలువు

నాటకాల్లో, సినిమాల్లో బొమ్మలను నడిపించే పప్పెట్రీ డైరెక్టర్లు, జీవులకు రూపం కట్టే క్రీచర్ డిజైనర్ల పని గురించి వచ్చిన ఉత్తరాల్లో ఈసారి నెల్లూరు, ప్రకాశం జిల్లాలవే ఎక్కువ. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం. పేర్లు వేయొద్దన్నవారు చాలామంది ఉన్నారు కాబట్టి అందరికీ ఊరి పేరే వేస్తున్నాం.

పప్పెట్రీ డైరెక్టర్, క్రీచర్ డిజైనర్ ఒకరేనా? బొమ్మ తయారైపోయాక డైరెక్టరుకు ఇంకేం పని ఉంటుంది?
— డిగ్రీ విద్యార్థిని, కావలి

ఒక్కరే రెండూ చేయడం మామూలే గానీ, పనులు వేరు. జీవి ఎంత ఎత్తుండాలి, ఏ కీలు ఎటు వంగాలి, తోలు దేనితో చేయాలి, బరువు ఎవరి భుజాన పడుతుంది అన్నవి డిజైనర్ తేలుస్తారు. ముందు గీతలు, తర్వాత అయిదో వంతు సైజులో మట్టి నమూనా, ఆ తర్వాత అట్టముక్కలతో అసలు సైజు బొమ్మ. ఆ బొమ్మ ఏ సన్నివేశంలో ఎలా నడుస్తుంది, ఎటు చూస్తుంది, ఎందుకు ఆగుతుంది అన్నది డైరెక్టర్ పని. నాటకానికి అసలు దర్శకులు వేరే ఉంటారు. వారి పక్కన కూర్చుని బొమ్మ వరకు బాధ్యత తీసుకోవాలి.

'తయారైపోయాక' అన్నారు చూశారా, చాలా నాటకాలు చెడేది అక్కడే. డైరెక్టర్ గీతల కంటే ముందే రావాలి. స్క్రిప్టు ముందేసుకుని బొమ్మ ఉన్న ప్రతి సన్నివేశానికి ఒక వరుస రాయాలి: ఏ పక్క నుంచి వస్తుంది, ఏ పక్కకు పోతుంది, దేన్నైనా నోట కరుస్తుందా, ఎవరైనా దాన్ని తాకుతారా, పడుకుంటుందా, ఎన్ని నిమిషాలు వేదిక మీద ఉంటుంది. అందరూ మరిచిపోయేది పడుకోవడం. నిలబడి నడిచే బొమ్మకు మోకాలు కొద్దిగా వంగితే చాలు. పడుకోవాలంటే అదే కీలు పూర్తిగా మడవాలి, ఆడించేవాళ్లు కూడా దానితోపాటు కిందికి దిగి మళ్లీ లేవాలి. ఈ సంగతి కాళ్లు బిగించాక తెలిస్తే కాళ్లన్నీ మళ్లీ చేయాల్సిందే.

అందుకే అట్టబొమ్మతో కనీసం రెండు వారాలు రిహార్సల్ చేయించి, అప్పుడు అసలు బొమ్మకు పురమాయిస్తారు. పిడి నాలుగు సెంటీమీటర్లు వెనక్కి జరపాలని తేలితే అట్ట మీద అది అయిదు నిమిషాల పని. అల్యూమినియం మీద అయితే వెల్డింగు షాపు చుట్టూ ఒక రోజు తిరగాలి.

రిహార్సల్లో డైరెక్టర్ కన్ను మూడింటి మీద ఉంటుంది: ఊపిరి, చూపు, బరువు. 1981లో దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లో మొదలైన హ్యాండ్‌స్ప్రింగ్ బొమ్మలాట కంపెనీ వాళ్లు ఊపిరినే మొదటి పాఠంగా పెట్టుకున్నారు. బొమ్మ ఊపిరి తీస్తున్నట్టు కనిపిస్తే ఊరికే నిలబడినా ప్రేక్షకుడు దాన్నే చూస్తాడు. ఊపిరి ఆగితే ఎంత గెంతినా అది వస్తువే. చూపు అంటే కదలిక కంటే ముందు తల తిరగడం; ముందు చూడాలి, తర్వాత అడుగు పడాలి. బరువు అంటే పాదం నేలకు ఆనడం. గాలిలో రెండంగుళాలు తేలుతూ నడిచే బొమ్మలు మన వేదికల మీద కొల్లలు.

జపాన్ సంప్రదాయ బొమ్మలాట బున్‌రాకులో ఒక బొమ్మను ముగ్గురు ఆడిస్తారు. ప్రధాన కళాకారుడు తల, కుడిచెయ్యి, రెండోవారు ఎడమచెయ్యి, మూడోవారు కాళ్లు. ఆట మధ్యలో మాటలుండవు, ప్రధాన కళాకారుడి కదలికలోని చిన్న సూచనే మిగతా ఇద్దరికీ ఆజ్ఞ. డైరెక్టర్ నేర్పాల్సిన అసలు భాష ఇదే. మన దగ్గర 'వన్, టూ, త్రీ' అని గుసగుసగా లెక్కపెట్టుకుంటుంటారు. మొదటి రోజునే మాన్పించండి. లెక్క అలవాటైతే బొమ్మ కవాతు చేస్తుంది.

ప్రదర్శనలు మొదలయ్యాక కూడా పని ఉంటుంది. ఒకరికి జ్వరమొస్తే వారి చోట నిలబడేవారిని తయారు చేయాలి. రోజూ ఏది వదులైంది, ఏది చిరిగింది అన్న పుస్తకం చూడాలి. ఇక ఆడించేవారు నటులా, పనివాళ్లా అని అడిగేవాళ్లకు ఒక్క మాట: 2022లో లండన్ ఒలివియే నాటక పురస్కారాల్లో, 'లైఫ్ ఆఫ్ పై' నాటకంలో పులిబొమ్మను ఆడించిన ఏడుగురికీ కలిపి ఉత్తమ సహాయనటుడి బహుమతి ఇచ్చారు.

మాది తోలుబొమ్మలాట కుటుంబం. నాకు ఆడించడం వచ్చు, బొమ్మ కొట్టడం వచ్చు. ఈ కొత్తరకం పనిలో మా విద్యకు విలువ ఉంటుందా? ఇంకో మాట: నూనె దీపం మాని ఎల్‌ఈడీ పెడితే నీడ చెదిరిపోతోంది. ఎందుకు?
— దర్శి

నాటక కళాశాలలో చదివి వచ్చినవారు రెండేళ్లు కష్టపడి నేర్చుకునేవి మీకు ఇంట్లోనే వచ్చాయి. రెండు చేతులతో మూడు పుల్లలు పట్టి బొమ్మ ఒళ్లు, రెండు చేతులు విడివిడిగా కదిలించడం, నోటితో పద్యం, కాలితో చెక్క మీద దరువు ఒకేసారి నడపడం, కేతిగాడు బంగారక్క వచ్చినప్పుడు జనం నవ్వు ముగిసేదాకా ఆగి తర్వాతి మాట అందుకోవడం. ఈ చివరిది ఏ బడిలోనూ సరిగ్గా రాదు. కీలు ఎంత వదులుగా ఉండాలో కూడా మీ వేళ్లకు తెలుసు: ముడి బిగిస్తే మోచెయ్యి కర్రలా ఉంటుంది, మరీ వదిలితే వేలాడుతుంది.

కొత్తగా పట్టాల్సినవి మూడు. మీ బొమ్మ పక్కవాటుగా ఉంటుంది, తెర మీదే ఉంటుంది. గుండ్రటి బొమ్మకు చూపు అన్ని వైపులా ఉంటుంది, దాన్ని ఎదురుగా ఉన్న నటుడి కళ్లకు సరిగ్గా గురిపెట్టాలి. రెండోది, మాటలేకుండా ఆడించడం. మూడోది, ఒకే బొమ్మను ముగ్గురు పట్టుకున్నప్పుడు పక్కవాడి వెనక నడవడం. ఒంటరిగా ఆడించి పేరు తెచ్చుకున్నవారికి ఈ మూడోదే కష్టం.

ఇక నీడ. చెదరడానికి కారణం వెలుగు వచ్చే చోటు పెద్దదవడం. లెక్క సులువు: నీడ అంచు మసక ఎంతంటే, దీపం వెడల్పును బొమ్మకూ తెరకూ ఉన్న దూరంతో గుణించి, దీపానికీ బొమ్మకూ ఉన్న దూరంతో భాగించాలి. బొమ్మ తెరకు 10 సెం.మీ. ఎడంగా, దీపం బొమ్మకు 190 సెం.మీ. వెనక ఉందనుకోండి. 5 సెం.మీ. దీపమైతే మసక పావు సెంటీమీటరు. 60 సెం.మీ. ట్యూబులైటు అడ్డంగా పెడితే మూడు సెంటీమీటర్లు దాటుతుంది, ముక్కూ మీసమూ కలిసిపోతాయి. చిన్నచిన్న చుక్కలున్న ఎల్‌ఈడీ పట్టీ అయితే ఇంకా అన్యాయం. ఎన్ని చుక్కలుంటే అన్ని నీడలు. ఒకే పసుపు బిళ్లలా కనిపించే 'సీఓబీ' రకం, 30 నుంచి 50 వాట్లది, ముందు అద్దం గానీ వెనక రిఫ్లెక్టర్ గానీ లేకుండా పెట్టండి. వార్మ్ వైట్ (పసుపు తిరిగిన తెలుపు) తీసుకోండి, తెల్లటి వెలుతురులో మీ ఎరుపులు చచ్చిపోతాయి. 500 వాట్ల హాలోజన్ మాత్రం దగ్గర పెట్టొద్దు, ఆ వేడికి మేకతోలు అంచులు చుట్టుకుపోతాయి.

కాలేజీ నాటకంలో అసలు సైజు ఒంగోలు గిత్త కావాలి. ఇనుప చట్రం చేసి ఫర్ గుడ్డ కప్పి ఇద్దరు లోపల దూరాం. దుప్పటి కప్పుకున్న ఇద్దరు మనుషుల్లా ఉందని అందరూ నవ్వారు. పైగా పది నిమిషాలకే నడుములు పట్టేస్తున్నాయి. ఏం చేయాలి?
— నాటక బృందం, ఒంగోలు

నడుములు పట్టడానికి కారణం కొలత. గిత్త మూపురం కింద భుజం దగ్గర దాదాపు 150 సెం.మీ. ఉంటుంది. అందులో అయిదున్నర అడుగుల మనిషి దూరితే వంగే నడవాలి. వంగి నడిచే మనిషిని గుడ్డ ఎంత కప్పినా దాచలేదు. అసలు సైజు మీద పట్టు వదిలేసి కొలతలన్నీ 1.2 రెట్లు చేయండి. భుజం 180 సెం.మీ.కు వస్తుంది, ముందు మనిషి తల సరిగ్గా మూపురంలోకి పోతుంది. గుర్రానికి లేని ఈ సౌకర్యం మన గిత్తకు ఉంది, వాడుకోండి. వెనక మనిషి 165 సెం.మీ. దాటకూడదు. ఇద్దరి మధ్య 110 సెం.మీ. దూరం ఉండాలి, తక్కువైతే ముందువారి మడమల మీద వెనకవారి వేళ్లు పడతాయి. తలను ఆడించే మూడోమనిషి బయటే, మెడ పక్కన, కనపడుతూనే నిలబడాలి. దాచే ప్రయత్నం వద్దు. ఆ మనిషి గిత్తనే చూస్తూ ఉంటే జనం కూడా గిత్తనే చూస్తారు.

ఇనుము తీసేయండి. మేదరవారి దగ్గర మూడేళ్లు ముదిరిన వెదురు తీసుకుని 12 నుంచి 15 మి.మీ. వెడల్పు బద్దలు చీల్పించండి. లేత వెదురు ఎండాక ముడుచుకుని కట్లు వదులైపోతాయి. ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, సన్నటి మంట మీద కాచి, పైచర్మం వంపుకు బయటివైపు ఉండేలా వంచాలి. లోపలివైపు పెడితే విరుగుతుంది. కణుపు వంపు మధ్యలో పడకుండా చూసుకోండి. కన్నం వేయాలంటే డ్రిల్లు కాకుండా కాల్చిన ఇనుప చువ్వ వాడండి, లేకపోతే బద్ద నిలువునా చీలుతుంది. కట్లకు వలలు అల్లే నైలాన్ దారం చాలు, తీరం వెంబడి వల దుకాణాల్లో దొరుకుతుంది. బిగించి చుట్టి పైన ఫెవికాల్ పూయండి. పుచ్చుపురుగు పట్టకుండా బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో బద్దలను ముందే నానబెట్టి ఎండబెట్టుకోవాలి.

భుజాన మోసే అడ్డపట్టీలకు మాత్రం అల్యూమినియం గొట్టం, 25 మి.మీ.ది, వాడండి. బరువు భుజాల మీద కంటే నడుము బెల్టు మీద ఎక్కువ పడాలి. పాత ట్రెక్కింగు సంచి చట్రం దొరికితే అదే మంచిది. మొత్తం బొమ్మ 24 కిలోలు దాటొద్దు. తల రెండు కిలోలు దాటితే చాచిన చేతులతో ఇరవై నిమిషాలు ఎవరూ పట్టలేరు. కొమ్ములు బరువుగా చేస్తారు అందరూ, అక్కడే తల బరువైపోతుంది. 10 మి.మీ. ఈవీఏ ఫోం (తేలికైన రబ్బరులాంటి షీటు) చుట్టి, అంచులు సాన పట్టి, రంగు వేయండి. ఒంగోలు జాతికి కొమ్ములు పొట్టివి కాబట్టి ఫోం సరిపోతుంది.

కాళ్లు. అందరూ చేసే తప్పు వెనక కాలిని మనిషి కాలిలా వంచడం. పశువు ముందు మోకాలు వంగితే డెక్క వెనక్కి లేస్తుంది. వెనక కాలికి మధ్యలో కనిపించే కీలు మన మడమతో సమానం, దాని మొన వెనక్కి ఉంటుంది, కింది భాగం ముందుకు వంగుతుంది. కీళ్లకు 6 మి.మీ. బోల్టు, రెండు పక్కలా నైలాన్ వాషర్లు, నైలాక్ నట్టు (లోపల నైలాన్ వలయం ఉండి వదులుకానిది). మామూలు నట్టు పెడితే నడక అదురుకు ఒక్క ప్రదర్శనలోనే వదులై కాలు ఊడి వస్తుంది. కీలు అతిగా తిరక్కుండా వెనక నవారు పట్టీ కట్టండి. డెక్కల అడుగున హవాయి చెప్పుల రబ్బరు షీటు అతికిస్తే చెక్క వేదిక మీద జారదు, టకటకమనదు.

నడక వరుస: ఎడమ వెనక, ఎడమ ముందు, కుడి వెనక, కుడి ముందు. ఈ నాలుగూ సమానమైన ఎడంతో పడాలి. లోపలి ఇద్దరూ ఒకే కాలు ఒకేసారి వేస్తే గిత్త పక్కలకు ఊగుతూ ఒంటెలా నడుస్తుంది. వెనక మనిషి అర అడుగు ముందు మొదలుపెట్టాలి, ముందు మనిషి అందుకోవాలి. రోజూ అరగంట చొప్పున ఒక వారం నడక తప్ప ఇంకేమీ చేయించకండి.

ఫర్ వద్దే వద్దు. ఒంగోలు పశువు వెంట్రుక పొట్టి, తోలు వదులు. వెదురు చట్రం మీద తెల్లటి దోమతెర గుడ్డను సాగదీసి కుట్టండి. గాలి ఆడుతుంది, లోపలి మనుషులు నీడలా కనిపిస్తే కనిపించనివ్వండి. తెలుపు వేదిక దీపాలకు మెరిసి ఆకారం పోగొట్టుకుంటుంది. తల, మెడ, మూపురం మీద బూడిద రంగు స్పాంజితో అద్దండి, మగ పశువుకు అక్కడ నలుపు తిరిగే ఉంటుంది. ముట్టె, కళ్ల చుట్టూ, తోక కుచ్చు నలుపు. గంగడోలును మాత్రం గుడ్డతో వేలాడదీసి, అంచు మడతలో సన్నటి గొలుసు కుట్టండి. తల తిరిగాక అర క్షణం ఆలస్యంగా అది ఊగుతుంది. బరువున్న పశువన్న భావం సగం అక్కడే వస్తుంది.

చెవులకు సైకిలు బ్రేకు కేబుల్ పెట్టి, పిడి దగ్గర బ్రేకు లివరుకు కలపండి. కేబుల్ తొడుగును మరీ చిన్న వంపు తిప్పకండి, లోపల తీగ పట్టేసి చెవి లేచింది లేచినట్టే ఉండిపోతుంది. పశువు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాని చూపు జనానికి తెలిసేది చెవుల వల్ల, ముట్టె వల్ల. కొత్త మనిషి రాగానే ముందు చెవి, తర్వాత ముట్టె, ఆ తర్వాతే అడుగు.

ఊపిరి ముందు మనిషి మోకాళ్లలో ఉంటుంది. మూడు నాలుగు సెంటీమీటర్లు మెల్లగా దిగి లేవాలి. నిజం పశువు తీరికగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 20 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తుంది. వేదిక మీద అంత వేగం రొప్పులా కనిపిస్తుంది, 12 నుంచి 15 చాలు. లోపలివాళ్లను ఇరవై నిమిషాలకు మించి ఉంచకండి. మే నెలలో మన ఎండకు అది కూడా ఎక్కువే. పది నిమిషాలకొకసారి మనుషులు మారేలా సన్నివేశాలు రాసుకోండి.

పిల్లల నాటకానికి నేలపట్టు గూడబాతు చేశాం. రెక్కలు ఆడుతున్నాయి గానీ ఎగురుతున్నట్టు లేదు.
— ఉపాధ్యాయిని, నెల్లూరు

రెక్కతోపాటు ఒళ్లు కూడా కిందికి దిగుతూ ఉంటుంది, చూసుకోండి. రెక్క కిందికి కొట్టినప్పుడు పక్షి ఒళ్లు పైకి లేవాలి. కర్ర పట్టినవారు, రెక్క తీగ లాగేవారు ఒకరికొకరు ఎదురుగా పని చేయాలి. రెక్క పైకి వచ్చేటప్పుడు మణికట్టు దగ్గర కొంచెం ముడుచుకోవాలి, అందుకు ఒక కీలు, వెనక్కి లాగే ఒక ఎలాస్టిక్ చాలు. గూడబాతు పెద్ద పక్షి కాబట్టి నాలుగైదు సార్లు కొట్టి, తర్వాత రెక్కలు చాచి తేలనివ్వండి. పిచ్చుకలా గబగబా కొట్టిస్తే రెక్క ఎంత పొడవు చేసినా లాభం లేదు.

రాక్షసుడి ముఖానికి సిలికాన్ తొడుగు పోశాను. మూడు రోజులైనా జిగటగానే ఉంది. ఇంకోసారి పోస్తే గిన్నెలోనే గడ్డకట్టింది.
— ఆత్మకూరు

రెండూ వేర్వేరు జబ్బులు. జిగట ఉన్నది మీరు చెక్కిన మట్టి వల్ల. మీది ప్లాటినం రకం, అంటే ప్లాటినం సాయంతో గట్టిపడే సిలికాన్ అయి ఉంటుంది. గంధకం ఉన్న నూనెమట్టి, రబ్బరు లాటెక్స్ చేతితొడుగులు, కొన్ని త్రీడీ ప్రింటు రెజిన్లు, తగరం రకం సిలికాన్ పాత అవశేషాలు, ఇవి తగిలిన చోట అది ఎప్పటికీ గట్టిపడదు. ఎండలో పెట్టినా లాభం లేదు. మొత్తం గీకేసి, అచ్చును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ మొదలుపెట్టాలి. ఇకముందు గంధకం లేని మట్టి అని డబ్బా మీద చూసి కొనండి, నైట్రైల్ తొడుగులు వాడండి, ఎప్పుడూ ఒక మూలన చెంచాడు పోసి ముందు పరీక్షించండి. తగరం రకం గంధకానికి భయపడదు, కానీ కాలం గడిచేకొద్దీ కుంచించుకుపోతుంది, ఒంటికి తగిలే తొడుగులకు పనికిరాదు.

గిన్నెలో గడ్డకట్టడానికి కారణం మన ఎండ. వేడి పది డిగ్రీలు పెరిగితే పని చేసుకునే సమయం దాదాపు సగమవుతుంది. డబ్బా మీద 20 నిమిషాలని రాసి ఉంటే అది 23 డిగ్రీల గదికి. వేసవిలో 43 డిగ్రీల షెడ్డులో మీకు దక్కేది అయిదు నిమిషాలు. రెండు డబ్బాలనూ మూతలు బిగించి, పాలిథిన్ కవరులో కట్టి, ఐస్ పెట్టెలో గంటసేపు ఉంచి, తెల్లవారుజామున పోయండి. కవరు ఎందుకంటే తడి తగలకూడదు. అంచనాగా కాకుండా వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచి, డబ్బా మీద చెప్పిన పాళ్లలోనే కలపండి. ప్లాస్టర్ అచ్చయితే బాగా ఆరాకే పోయాలి. పోసే ఫోం, అంటే పాలీయురేథేన్ వాడేవారికీ ఒక హెచ్చరిక: వానాకాలంలో సముద్రం పక్క ఊళ్లలో గాలి తేమతో అది చర్య జరిపి బుడగలు లేస్తుంది.

డిప్లొమా మెకానికల్ చదువుతున్నాను. మొసలి తల చేసి ఆరు సర్వోలు (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటార్లు) పెట్టాను. దవడ వణుకుతోంది, అన్నీ కలిపి తిప్పితే వాటిని నడిపే ఆర్డ్వినో బోర్డు ఆగిపోయి మళ్లీ మొదలవుతోంది.
— నెల్లూరు

సర్వోలకు కరెంటు ఆర్డ్వినో నుంచి ఇస్తున్నట్టున్నారు. ఎంజీ 996ఆర్ రకం ఒక్కటి పట్టేసినప్పుడు రెండున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది, ఆరింటికి 15. వేరే 6 వోల్టుల సప్లై పెట్టి, దాని నెగటివ్ తీగనూ ఆర్డ్వినో నెగటివ్ తీగనూ కలపండి. కలపకపోతే సంకేతం అర్థం కాక అవి ఇష్టం వచ్చినట్టు తిరుగుతాయి. సర్వోల పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి. పీసీఏ 9685 బోర్డు పెడితే పదహారింటి దాకా ఒకే చోట నుంచి నడపొచ్చు.

వణుకు మాత్రం బలం చాలక. దవడ 250 గ్రాములు, దాని బరువు కేంద్రం కీలుకు 8 సెం.మీ. ముందు ఉంటే 2 కిలో-సెంటీమీటర్ల తిప్పుబలం కావాలి. పైన తోలు సాగడానికి, వేగానికి కలిపి మూడు రెట్లు లెక్కవేసుకోండి. నీలం రంగు చిన్న 9 గ్రాముల సర్వో 1.8 దగ్గరే ఆగుతుంది. దవడ బరువును స్ప్రింగుతో తేలగట్టండి, అప్పుడు సర్వో మోయక్కర్లేదు, నడిపిస్తే చాలు. తోసే కడ్డీకి సైకిలు స్పోకు బాగుంటుంది. చివరిదాకా తిప్పి పట్టి ఉంచొద్దు, గుయ్యిమంటూ వేడెక్కి కాలిపోతుంది. రెండు చివర్లలో అయిదేసి డిగ్రీలు వదిలి ప్రోగ్రాం రాయండి.

ఇది సినిమాకా, నాటకానికా? నాటకానికైతే ఆ సర్వోలు తీసేసి బ్రేకు కేబుళ్లు పెట్టమని మా సలహా. ఆ కీచుమనే చప్పుడు మూడో వరుసదాకా వినిపిస్తుంది, చేతిలో ఉన్న తడబాటు, తొందర మోటారుకు రావు.

మా అబ్బాయి ఇంటర్ తర్వాత ఈ పనిలోకి పోతానంటున్నాడు. చదువు ఎక్కడుంది? బతుకుతెరువు ఉంటుందా?
— ఒక తండ్రి, కనిగిరి

ఈ పేరుతోనే డిగ్రీ ఇచ్చే చోట్లు మన దేశంలో వెతుక్కోవాల్సిందే. చుట్టుదారులు ఉన్నాయి. చేతిపని ఇష్టమైతే శిల్పంలో బీఎఫ్‌ఏ (లలితకళల డిగ్రీ). విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, హైదరాబాద్ లలితకళల విశ్వవిద్యాలయం జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో ఉంది. డిజైన్ వైపైతే జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీ, మన రాష్ట్రంలో కూడా ఉంది. ఆడించడం, దర్శకత్వం వైపైతే డిగ్రీ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ రంగస్థల విభాగం గానీ, ఢిల్లీ జాతీయ నాటక పాఠశాల ఎన్‌ఎస్‌డీ మూడేళ్ల డిప్లొమా గానీ. సినిమా అయితే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో కళాదర్శకత్వం. ప్రత్యేకంగా బొమ్మలాట నేర్పే బడి కావాలంటే ఫ్రాన్స్‌లో షార్లవిల్-మెజియేర్‌లో 1987లో పెట్టినది, ప్రాగ్‌లో డాము నాటక కళాశాల, అమెరికాలో కనెక్టికట్ విశ్వవిద్యాలయం. మన దగ్గర దాదీ పుదుంజీ ఢిల్లీలో 1986లో పెట్టిన ఇషారా బృందం ఉంది. వారి ఉత్సవానికి వెళ్లి చూసి రావడం కూడా చదువే. 18 నుంచి 25 ఏళ్ల కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ రెండేళ్ల స్కాలర్‌షిప్ ఇస్తుంది. జానపద, సంప్రదాయ కళల కింద తోలుబొమ్మలాటకు అర్జీ పెట్టుకోవచ్చు.

ఇంటర్ సెలవుల్లో మాత్రం ఖర్చులేని బడి ఒకటి ఉంది. వినాయకచవితికి ముందు నాలుగు నెలలు విగ్రహాలు పోసే షెడ్డులో చేర్పించండి. అచ్చు తీయడం, పీచు వేసి పలచగా పోయడం, అతుకు కనపడకుండా పూత పూయడం అక్కడ వచ్చినంత వేగంగా ఎక్కడా రాదు. ఉదయగిరి చెక్క చెంచాలు చేసేవారి దగ్గర ఒక నెల కూర్చుంటే పిడి చేతిలో ఎలా ఇమడాలో తెలుస్తుంది.

నెలజీతం ఆశిస్తే ఇది కుదరదు. కొన్నేళ్లు సినిమా ప్రోస్థెటిక్స్ (నటుల ఒంటికి అతికించే కృత్రిమ ముఖాలు, అంగాలు), ప్రకటనలు, మ్యూజియం నమూనాలు, బడి పిల్లల వర్క్‌షాపులు అన్నీ కలిపితేనే సంసారం నడుస్తుంది. ఒప్పందం రాయకుండా పని పట్టుకోవద్దని అబ్బాయికి చెప్పండి. సగం అడ్వాన్సు, బొమ్మ నమూనా ఎవరిది, ప్రదర్శనల మధ్య మరమ్మతుకు ఎవరు డబ్బిస్తారు, రవాణా ఎవరిది. ఈ నాలుగూ కాగితం మీద ఉండాలి. సామాను లెక్కలో పదిహేను శాతం అదనంగా వేసుకోవాలి. అది లాభం కాదు, విరిగేవాటికి.

ఉద్యోగానికి పంపే పోర్ట్‌ఫోలియోలో, అంటే చేసిన పనుల నమూనాల్లో, ఏం పెట్టాలి?
— కందుకూరు

అందమైన బొమ్మల ఫొటోలు అందరూ పంపుతారు. రెండు నిమిషాల వీడియో పంపండి: కాగితం చుట్టి చేసిన బొమ్మ ఊపిరి తీస్తూ, ఒక వస్తువును చూసి, దగ్గరికెళ్లి, భయపడి వెనక్కి రావాలి. సంగీతం, కట్‌లు వద్దు. దాంతోపాటు ఒక బొమ్మ లోపలి కీళ్ల ఫొటోలు, కొలతలు, బరువు, సామాను జాబితా. ఆరు పనులు చాలు. ఇద్దరు ముగ్గురు కలిసి చేసిన వాటిలో మీ పని ఏదో స్పష్టంగా రాయండి. ఈ రంగం చిన్నది, పక్కవారి పనిని మీదని చెబితే వారంలో తెలిసిపోతుంది.

తాతల నాటి జింకతోలు బొమ్మలు ఇంట్లో ఉన్నాయి. ఒకరు కొంటామంటున్నారు. అమ్మొచ్చా?
— పొదిలి

అమ్మొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకతోలు కొనడం, అమ్మడం నేరం, పాతదైనా సరే. దగ్గర ఉంచుకోవడానికే యాజమాన్య ధ్రువపత్రం కావాలి, అది ఉందో లేదో ఇంట్లో పెద్దలను అడిగి, అటవీశాఖ రేంజి కార్యాలయంలో కనుక్కోండి. ఆ బొమ్మల రూపం మీదే కాబట్టి గీతలను పలచటి కాగితం మీద దించుకుని కొత్తవి మేకతోలుతో కొట్టండి. వాటిని అమ్మితే ఎవరూ అడగరు. పాతవాటిని చుట్టిపెట్టకండి, రంగు పెచ్చులు లేస్తుంది. బొమ్మకూ బొమ్మకూ మధ్య నూలు గుడ్డ వేసి, పరచి, వెదురు పెట్టెలో నేలకు ఎడంగా ఉంచండి. వానాకాలంలో తోలు మెత్తబడి బూజు పడుతుంది. ఎండ కాసిన రోజు నీడపట్టున గంటసేపు ఆరబెడితే చాలు, నేరుగా ఎండలో వేస్తే వంకర్లు పోతాయి.